ప్రెస్ లేకుండా అచ్చు పుస్తకం: ఎనిమిది మంది కలిసి చేసే లినోకట్ పుస్తకానికి సమగ్ర మార్గదర్శి

పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, ఒకరి ఇంటికి వెళ్తుంది. అచ్చుబొమ్మకు ఆ ఇబ్బంది లేదు. ఒక బ్లాక్‌ను (బొమ్మ చెక్కే పలకను) ఒకసారి చెక్కితే పన్నెండు మందికి పన్నెండు అసలు బొమ్మలే ఇవ్వొచ్చు. వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ లాంటి చోట్ల బొమ్మలు వేసేవాళ్లకు అచ్చు నేర్చుకోండని నేను గట్టిగా చెప్పేది అందుకే. పెద్ద గ్యాలరీలు, కొనేవాళ్లు హైదరాబాద్‌లో ఉండొచ్చు. మన బొమ్మ మొదట చూడాల్సినవాళ్లు మాత్రం మన వాడలోనే ఉన్నారు. వాళ్ల చేతిలో పెట్టగలిగేది, వాళ్లు పేజీ తిప్పి చూసుకోగలిగేది పుస్తకమే.

ఈ నేలకు అచ్చుబొమ్మ కొత్తదేమీ కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ బరోడాలో చదువుకుని, లోహపు ప్లేటు మీద గీతల్ని యాసిడ్‌తో కొరికించి అచ్చు తీసే ఎచింగ్‌లో దేశమంతా గుర్తుపట్టే గీత సాధించారు. అయితే ఎచింగ్‌కు యాసిడ్ కావాలి, లోహపు ప్లేటు కావాలి, బరువైన ప్రెస్ కావాలి. లినోకట్ అంటే లినో అనే, కట్టర్‌తో చెక్కడానికి వీలైన షీటు మీద బొమ్మ చెక్కి అచ్చు తీయడం. దానికి అవేవీ అక్కర్లేదు. ఒక బల్ల, రెండు కట్టర్లు, ఒక రోలర్, వంటింట్లో గుండ్రటి గరిటె ఉంటే పని మొదలవుతుంది. నందలాల్ బోస్ 1930లో చేసిన, కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీ బొమ్మ లినోకట్టే. నల్లటి నేల మీద కొన్ని తెల్ల గీతలు, అంతే.

ఇక్కడ చెప్పబోయేది ఎనిమిది మంది కలిసి పన్నెండు ప్రతులు చేసే పద్ధతి. ఒంటరిగా కూడా చేయొచ్చు, కానీ ఈ పుస్తకం రుచి అంతా కలిసి చేయడంలో ఉంది.

ముందుగా పుస్తకం ఆకారం

చేతి అచ్చులో పెద్ద చిక్కు ఏమిటంటే కాగితం రెండో వైపు. గరిటెతో రుద్దినప్పుడు వెనక వైపు మెరుపు గీతలు పడతాయి, ఇంక్ నూనె కొంచెం కనిపిస్తుంది. అదే వెనక వైపు ఇంకో బొమ్మ వేస్తే రెండూ పాడవుతాయి. దీనికి పాత పరిష్కారం ఒకటి ఉంది. కాగితానికి ఒక్క వైపే అచ్చు వేసి, అచ్చు బయటికి కనబడేలా మధ్యకు మడవాలి. మడత పుస్తకం తెరిచే వైపు ఉంటుంది, విడి అంచులు కుట్టు వైపు పోతాయి. రుద్దిన వెనక భాగం మడత లోపల దాగిపోతుంది. చైనా, జపాన్ పుస్తకాలు శతాబ్దాల పాటు ఇలాగే వచ్చాయి.

మన కాగితం 28 × 20 సెంటీమీటర్లు. మడిస్తే పేజీ 14 × 20. ఈ కొలత ఊరికే పెట్టలేదు. ప్రెస్‌లకు కాగితం అమ్మే షాపుల్లో దొరికే 23 × 36 అంగుళాల షీట్ నుంచి సరిగ్గా ఎనిమిది ముక్కలు వస్తాయి. ముక్క పొడవు (28) షీట్ వెడల్పు వైపు, ముక్క వెడల్పు (20) షీట్ పొడవు వైపు ఉండేలా కోయించండి. మామూలుగా ఈ షీట్లలో నార (కాగితంలో పోగులు పరుచుకునే దిక్కు) పొడవు వెంబడి ఉంటుంది కాబట్టి, మన మడత నార వెంబడే పడుతుంది. నారకు అడ్డంగా మడిస్తే మడత దగ్గర కాగితం పగిలినట్టు అవుతుంది, పుస్తకం సరిగ్గా మూసుకోదు. అనుమానం ఉంటే షీట్‌ను రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే మడత అటే రావాలి.

ఇప్పుడు అసలు విషయం. మడిచిన ఆకులో ముందు పేజీ, వెనక పేజీ ఒకేసారి కనబడవు. పుస్తకం తెరిస్తే ఎడమ పక్కన ఒకరి ఆకు వెనక పేజీ, కుడి పక్కన తర్వాతి వాళ్ల ఆకు ముందు పేజీ ఉంటాయి. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుంటారు. నా దృష్టిలో పుస్తకానికి ప్రాణం ఇక్కడే ఉంది. ప్రతి ఒక్కరూ ముందు పేజీలో తమ బొమ్మ వేయాలి. వెనక పేజీలో తర్వాతి వాళ్ల బొమ్మ చూసి, దానికి జవాబుగా ఒక్క మాట చెక్కాలి. అప్పుడు పుస్తకం ఎక్కడ తెరిచినా ఒకరి మాట, ఇంకొకరి బొమ్మ ఎదురెదురుగా ఉంటాయి. బట్ట మీద కథను బొమ్మలుగా వేసే చేర్యాల పటాల్లో కూడా అంతే కదా, బొమ్మ నకాషీ చిత్రకారుడిది, కథ చెప్పే గొంతు వేరేవాళ్లది. పటం ముందు నిలబడి చెప్పేవాళ్లు లేకపోతే ఆ బొమ్మ సగమే.

లెక్క ఇలా కుదురుతుంది. ఎనిమిది మందికి ఎనిమిది ఆకులు, మొదట్లో ఒక పేరు ఆకు, మొత్తం తొమ్మిది. పేరు ఆకు ముందు పేజీలో పుస్తకం పేరు, వెనక పేజీలో మొదటి బొమ్మకు ఎనిమిదో మనిషి రాసిన మాట. ఎనిమిదో ఆకు వెనక పేజీలో పుస్తకం వివరాలు. ఎవరి మాటా మిగలదు, ఏ బొమ్మా ఒంటరి కాదు.

1. మనుషులు

ఎనిమిది మందీ ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లే కావాలని పట్టుబట్టకండి. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఉంటే కాగితం మీద పట్టు వస్తుంది. డిగ్రీ చదివే అమ్మాయి ఉంటే తేదీలు గుర్తు చేస్తుంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు ఒకరుంటే, డిజైన్‌ను గళ్లలో ఆలోచించడం మిగతావాళ్లకు నేర్పుతారు. తప్పనిసరిగా వెతకాల్సింది మాత్రం పాత బోర్డు ఆర్టిస్టుని. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ల పని పోయింది, చేయి మాత్రం పోలేదు. తెలుగు అక్షరం ఎక్కడ లావు కావాలో, ఎక్కడ సన్నబడాలో వాళ్లకు తెలిసినంతగా ఏ కంప్యూటర్ ఫాంటుకూ తెలియదు. గౌరవంగా ఇంటికెళ్లి, "అన్నా, అక్షరాలు మీరే చూడాలె" అని అడిగితే కాదనరు.

మొదటి రోజే మూడు మాటలు తేల్చుకోవాలి. ఖర్చు సమానంగా పంచుకోవాలి. ప్రతి ఒక్కరూ తమ రెండు బ్లాకులతో పదిహేను అచ్చులు తీయాలి, పన్నెండు మంచివి ఇవ్వాలి. ఆలస్యమైతే ముందే చెప్పాలి. ప్రతుల పంపకం కూడా అప్పుడే అనుకోండి. ఎనిమిది మనకు, రెండు గ్రంథాలయాలకు, ఒకటి అందరూ ముట్టుకుని చూసేందుకు, ఒకటి అమ్మకానికి. అమ్మిన డబ్బు తర్వాతి పుస్తకం కాగితానికి. డబ్బు సంగతి మొదట్లో మాట్లాడకపోతే చివర్లో మాటలు పెరుగుతాయి.

తేదీ పెట్టుకుంటే పని నడుస్తుంది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం కాబట్టి ఆ రోజుకు పుస్తకం పూర్తి కావాలని పెట్టుకోవచ్చు. అప్పుడు జులైలో మొదలుపెట్టాలి. వానల్లో ఇంక్ మెల్లగా ఆరుతుంది, దానికి వారం ఎక్కువ లెక్కేసుకోండి.

2. సామాన్లు

లినో షీటు హైదరాబాద్ ఆర్ట్ షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది, 3 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు: బొమ్మకు 9.5 × 14, మాటకు 9.5 × 6 సెంటీమీటర్లు. దొరక్కపోతే ప్లైవుడ్ షాపులో సన్నటి ఎం.డి.ఎఫ్. కూడా పనికొస్తుంది. కాకపోతే చెయ్యి ఎక్కువ నొప్పి పుడుతుంది, సన్న గీత అంత శుభ్రంగా రాదు. అందరూ ఒకే రకం వాడాలి, ఒకరిది లినో ఇంకొకరిది చెక్క అయితే మందం తేడాతో అచ్చు వేసేటప్పుడు తంటా.

కట్టర్లు సెట్‌గా వస్తాయి. రోజూ వాడేవి రెండే, సన్నటి వి కట్టర్, వెడల్పాటి యు కట్టర్.

ఇంక్ విషయంలో నా సలహా సూటిగా చెప్తాను. నీటితో కడిగే ఇంక్ వద్దు. మన ఎండల్లో రోలర్ మీదే ఆరిపోతుంది, పుస్తకంలో చెమట చెయ్యి తగిలితే చెదిరిపోతుంది. పెళ్లి పత్రికలు అచ్చేసే ఆఫ్‌సెట్ ప్రెస్‌లో నల్ల ఇంక్ చిన్న డబ్బాలో అడిగి తెచ్చుకోండి. పదిహేను అచ్చులకు చాలా కొంచెం చాలు. మరీ జిగురుగా ఉంటే రెండు చుక్కల అవిసె నూనె, పలచగా ఉంటే చిటికెడు టాల్కం పౌడర్. డబ్బాలో ఇంక్ పైన ప్లాస్టిక్ కవర్ గుండ్రంగా కత్తిరించి అంటించి మూత పెడితే తెట్టు కట్టదు.

కాగితం 120 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) దగ్గర ఉండాలి, నునుపు పూత లేనిది. తొమ్మిది ఆకులకు పదిహేను చొప్పున 135 ముక్కలు కావాలి, పదిహేడు పెద్ద షీట్లతో సరిపోతుంది. ప్రూఫులకూ (ముందుగా తీసి చూసుకునే అచ్చులకూ) కలిపి ఇరవై కొనండి. చేతి కాగితం మీద మనసుంటే అట్టకు వాడండి, లోపల వద్దు. దాని గరుకు మీద గరిటెతో సన్న గీత దిగదు. ఒకప్పుడు కోరుట్లలో చేతి కాగితం తయారయ్యేది. ఆ పని మన జిల్లాల్లో నిలిచి ఉంటే ఈ సలహా వేరేలా ఉండేదేమో.

ఇవి కాక అద్దం ముక్క (అంచులకు టేపు వేయండి), రబ్బరు రోలర్, ట్రేసింగ్ కాగితం, కార్బన్ పేపర్, దబ్బనం, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే ఆరె, గట్టి నూలు దారం, కొంచెం మైనం.

3. బొమ్మ ఎంచుకోవడం

ఎనిమిది మందికీ ఒకే అంశం ఉండాలి, కానీ ఎవరి చోటు వాళ్లకు ఉండాలి. చెరువు మంచి అంశం. పాకాల, లక్నవరం, రామప్ప, భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ అని పంచుకుంటే ఒక్కొక్కరు ఒక్కో గట్టు మీద కూర్చుని బొమ్మ గీసి వస్తారు. ఫోన్‌లో ఫొటో చూసి గీయకండి. గట్టు మీద గంట కూర్చుంటే బట్టలు ఉతికే బండ, తూటికాడ, సద్దుల బతుకమ్మ నాడు నీళ్లలో మిగిలిన తంగేడు పూలు, ఇలాంటివి కంటబడతాయి. ఫొటోలో ఇవన్నీ చిన్నగా మారిపోతాయి.

లినోలో చెక్కిన చోట తెల్లగా, చెక్కని చోట నల్లగా వస్తుంది. అందుకే పెన్సిల్‌తో తెల్ల కాగితం మీద గీయడం కంటే, నల్ల కాగితం మీద తెల్ల రంగుతో గీసి చూడటం మేలు. రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికల శిల్పాల్ని సాయంత్రం వెలుగులో చూడండి. భుజం మీద ఒక మెరుపు, నడుము దగ్గర ఒక మెరుపు, మిగతాదంతా చీకటి. లినోకట్‌కు కావాల్సిన చూపు అదే. పేజీలో సగమన్నా నలుపు ఉంచండి. అంతా గీకేస్తే బొమ్మ బక్కచిక్కుతుంది, చెక్కని మిట్టలు అక్కడక్కడ మురికిగా అంటుకుంటాయి.

4. తిప్పి దించుకోవడం

బ్లాక్ మీద ఉన్నది కాగితం మీద అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కోట కీర్తితోరణం వేస్తే తేడా తెలియదు, రెండు వైపులా ఒకటే. భద్రకాళి చెరువు వేస్తే గుడి అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డుకు వచ్చేస్తుంది, ఊరివాళ్లు వెంటనే పట్టేస్తారు. కాబట్టి బొమ్మను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, దాన్ని బోర్లా తిప్పి, కింద కార్బన్ పెట్టి బ్లాక్ మీదికి దించండి. దించాక ఒకసారి అద్దం ముందు పెట్టి చూడండి. అద్దంలో సరిగ్గా ఉంటే కాగితం మీద సరిగ్గా వస్తుంది.

కార్బన్ గీతల మీద మార్కర్‌తో గట్టిగా గీసి, చెక్కకూడని భాగాన్ని పలచటి రంగుతో నింపుకోండి. చెక్కేటప్పుడు ఏది ఉంచాలో ఏది తీయాలో తికమక ఉండదు.

5. చెక్కడం

లినో గట్టిగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, వెన్నలా దిగుతుంది. చలికాలమైతే పాత బట్ట కప్పి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె రాస్తే సరి.

ఒక చెక్కకు పై వైపు ఒక చివర, కింది వైపు ఇంకో చివర బద్దలు కొట్టుకోండి. కింది బద్ద బల్ల అంచుకు ఆనుతుంది, పై బద్ద బ్లాక్‌ను ఆపుతుంది. ఇది లేకుండా చెక్కనివ్వకండి. చేతికి గాయాలన్నీ బ్లాక్‌ను ఎడమ చేత్తో పట్టుకుని దాని వైపే కట్టర్ తోసినప్పుడు అయ్యేవే. రెండో చెయ్యి ఎప్పుడూ కట్టర్ వెనకాలే ఉండాలి. చిన్నపిల్లలు పక్కన కూర్చుంటే వాళ్లకు బంకమట్టి ఇవ్వండి, కట్టర్ కాదు.

ముందు వి కట్టర్‌తో గీతల అంచులు, తర్వాత యు కట్టర్‌తో ఖాళీలు. లోతు మిల్లీమీటరున్నర చాలు. వంపు తిరిగేటప్పుడు కట్టర్‌ను నిలకడగా పట్టుకుని బ్లాక్‌ను తిప్పండి. చెక్కిన దాని అంచు వాలుగా బయటికి ఉండాలి. లోపలికి తవ్వేస్తే సన్న గీతకు కింద ఆధారం పోయి, పదో అచ్చు నాటికి విరిగిపోతుంది.

అందరూ ముందు బొమ్మ బ్లాకే చెక్కాలి. ఒక ఆదివారం కలిసి కూర్చుని ప్రూఫులు తీసి, ఎవరి తర్వాత ఎవరో చీటీలు వేసి, ప్రూఫులు మార్చుకోవాలి. పక్కవాళ్ల ప్రూఫు ఇంటికి తీసుకెళ్లి గోడకు అంటించుకుని కొన్నాళ్లు చూడండి. మాట తనే వస్తుంది. బొమ్మలో ఉన్నదే మళ్లీ చెప్పకండి. ఒకరు ఖాళీ పడవ వేస్తే "ఖాళీ పడవ" అని రాయడం వృథా, "బాపు ఇంకా రాలే" అని రాస్తే పేజీ కదులుతుంది.

6. తెలుగు అక్షరం చెక్కడం

దీనికి వేరే పూట పెట్టుకోండి. తెలుగు లిపి అంతా వంపులు, సున్నలు. రోమన్ అక్షరాలకు రాసిన లినో సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

మొదటిసారి చేసేవాళ్లు అక్షరాన్నే తవ్వండి. చుట్టూ నల్లగా ఉండి అక్షరం తెల్లగా వస్తుంది. వి కట్టర్ ఒక్క లాగులో బలపంతో రాసినంత సహజంగా పోతుంది. నల్ల అక్షరం కావాలంటే చుట్టూ ఉన్నదంతా తీయాలి, ప్రతి గుండ్రటి దాని కడుపులో కూడా తవ్వాలి. ఘ, ఝ లాంటి వాటిలో ఆ చిన్న ఖాళీలు ఇంక్‌తో పూడుకుపోతాయి. ఠ మధ్యలో చుక్క, ధ కింద గీత అన్నిటికంటే ముందు ఊడిపోతాయి.

అక్షరం ఎత్తు 12 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. ఒత్తులకు కింద చోటు వదలాలి కాబట్టి 6 సెంటీమీటర్ల బ్లాక్‌లో మూడు వరుసలకు మించి పట్టవు. మొత్తం ఇరవై అక్షరాల్లో మాట ముగించాలి. ఈ కట్టుబాటు రాసేవాళ్లకు మంచే చేస్తుంది.

అక్షరం తిరగబడిందో లేదో తేల్చేందుకు బోర్డు ఆర్టిస్టులు తలకట్టు చూస్తారు. మామూలు రాతలో తలకట్టు కొస కుడివైపు పైకి లేస్తుంది, బ్లాక్ మీద ఎడమవైపు లేవాలి. ర, ఠ లాంటి గుండ్రటి అక్షరాలు తిప్పినా దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి వాటి దగ్గర తలకట్టు ఒక్కటే సాక్ష్యం. కంప్యూటర్‌లో టైప్ చేసి ప్రింట్ తీసి దించుకోవడం సులువే, కానీ దయచేసి వద్దు. మీ చేతిరాతే వాడండి. వంకరగా ఉన్నా పర్వాలేదు, పుస్తకంలో ఎనిమిది మంది చేతులు కనబడాలి.

7. అచ్చు వేసే గూడు

పదిహేను కాగితాల్లో బొమ్మ ఒకే చోట పడాలంటే ఒక గూడు కావాలి. 40 × 30 సెంటీమీటర్ల చెక్క మీద 28 × 20 గడి గీసి, మధ్యలో నిలువు గీత గీయండి. గడి కింది అంచుకు, ఎడమ అంచుకు ఆనుకుని అట్ట బద్దలు ఎల్ ఆకారంలో అంటించండి. కాగితం మూల ప్రతిసారీ అక్కడే ఆనాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కాగితం బ్లాక్ మీద బోర్లా పడుతుంది. ముందు పేజీ కాగితానికి ఎడమ సగం. కానీ బోర్లా తిప్పాక అది కుడివైపు వస్తుంది. కాబట్టి గూడులో బొమ్మ బ్లాక్ కుడి సగంలో, మాట బ్లాక్ ఎడమ సగంలో పెట్టాలి. బొమ్మ బ్లాక్ మధ్య గీతకు 1.5 సెంటీమీటర్లు, బయటి అంచుకు 3 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ 3 కుట్టుకు పోతుంది. పైన 2.5, కింద 3.5 వదలండి. మాట బ్లాక్ కూడా మధ్య గీతకు 1.5 దూరంలోనే, ఎత్తు మీ ఇష్టం. బ్లాకుల చుట్టూ ఖాళీల్లో అదే మందం ఉన్న లినో ముక్కలు పరిస్తే కాగితం జారిపోదు, అంచులు మురికి కావు. పేరు ఆకుకూ చివరి ఆకుకూ ఇదే గూడు.

8. ఇంక్, రుద్దడం

అద్దం మీద చెంచాడు ఇంక్ వేసి రోలర్‌తో నిలువునా అడ్డంగా పరచండి. ఇక్కడ కన్ను కంటే చెవి నమ్మదగింది. ఇంక్ ఎక్కువైతే రోలర్ పచపచమని అతుక్కుంటూ పోతుంది, సరిపోతే సన్నగా సరసరమంటుంది. ఆ చప్పుడు వచ్చాకే బ్లాక్ మీదికి వెళ్లండి. ఒక్కసారి మందంగా పూయకండి, పలచగా నాలుగైదు సార్లు, ప్రతిసారీ దిక్కు మార్చి.

బ్లాకులు గూడులో పెట్టి, శుభ్రమైన చేతులతో ఉన్న ఇంకో మనిషి కాగితం వేయాలి. అందుకే ఇది ఇద్దరి పని. ఒకరు నల్ల చేతుల మనిషి, ఒకరు తెల్ల చేతుల మనిషి. కాగితం వేశాక దాని మీద ఇంకో పలచటి కాగితం పెట్టి గరిటె వెనక భాగంతో మధ్య నుంచి అంచులకు, గుండ్రంగా, ఓపిగ్గా రుద్దండి. ఒక చేత్తో కాగితం నొక్కి పట్టి, ఒక మూల ఎత్తి చూడండి. నలుపు చుక్కలుగా ఉంటే మళ్లీ కప్పి ఆ చోట రుద్దండి. మొత్తం ఎత్తేస్తే మళ్లీ అదే చోట పడదు.

మొదటి రెండు మూడు అచ్చులు పలచగానే వస్తాయి, టెన్షన్ పడకండి. లినో ఇంక్ పట్టుకోవడానికి అంత టైమ్ తీసుకుంటుంది. అచ్చంతా బూడిద రంగులో ఉంటే ఇంక్ తక్కువ. సన్న తెల్ల గీతలు పూడుకుపోతే ఇంక్ ఎక్కువ, బ్లాక్ తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

కడగడానికి ముందు వంటనూనె చుక్కలు వేసి పాత బట్టతో తుడవండి, తర్వాత సబ్బు. కిరోసిన్ కంటే ఇదే మేలు, గదిలో వాసన ఉండదు. నూనె ఇంక్ బట్టలు ఉండచుట్టి మూలకు పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట ఆరేసి పారేయండి.

9. ఆరబెట్టడం

దండేనికి క్లిప్పులతో కుట్టు వైపు అంచు పట్టి వేలాడదీయండి. ఎండలో వద్దు, కాగితం అలలు తేలుతుంది. మామూలు రోజుల్లో మూడు నాలుగు రోజులు, వానల్లో వారం. వేలితో నల్లటి చోట మెల్లగా రాసి చూస్తే తెలుస్తుంది. ఆరకుండా మడవకండి, ఎదుటి పేజీకి అంటుతుంది.

10. మడత, కూర్పు, కుట్టు

మడత గీతను స్కేలు పెట్టి మొద్దు సూదితో గీసి, అచ్చు బయటికి ఉండేలా మడిచి, చెంచా వెనకతో ఒత్తండి.

కూర్పు రోజుకు అందరూ రావాలి. పెద్ద బల్ల చుట్టూ తొమ్మిది ఆకుల దొంతరలు వరుసగా పెట్టి, ఒకరి వెనక ఒకరు తిరుగుతూ ఒక్కో ఆకు ఏరుకుంటూ పోతే పన్నెండు ప్రతులు తయారవుతాయి. ఇంట్లోవాళ్లను, పిల్లలను పిలవండి. బొమ్మల గురించి నిజమైన మాటలు ఆ తిరుగుడులోనే వస్తాయి. ఒకరు ఆగి, "ఈ కొంగ ఎవరేసిన్రు?" అంటారు. అక్కడే చాయ్ పెట్టకండి. చాయ్ ఇంకో గదిలో.

అట్టకు 250 జి.ఎస్.ఎం. కార్డు గానీ చేతి కాగితం గానీ చాలు. గట్టి అట్ట, కాలికో (బైండింగ్ బట్ట) కావాలంటే కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల ప్రాజెక్ట్ రిపోర్టులు బైండ్ చేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. వాళ్ల చేతివేగం చూస్తే చాలా నేర్చుకోవచ్చు. అప్పుడు మైదా జిగురు కావాలి. ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్లు, ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద పారదర్శకంగా అయ్యేదాకా కలుపుతూ ఉండాలి. పురుగు పట్టకుండా బైండర్లు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు. చేర్యాల కళాకారులు బట్టకు పట్టించే చింతగింజల జిగురు కూడా బాగా పట్టుకుంటుంది.

కుట్టుకు నాలుగు రంధ్రాలు. కుట్టు అంచుకు 1.2 సెంటీమీటర్ల లోపల, పై నుంచి 1, 7, 13, 19 సెంటీమీటర్ల దగ్గర. ప్రతిని రెండు చెక్కల మధ్య క్లిప్పులతో బిగించి ఆరెతో పొడవండి. మీటరు దారం మైనం పట్టించి దబ్బనంలో ఎక్కించండి. రంధ్రాలకు పై నుంచి 1, 2, 3, 4 అని పేర్లు అనుకుందాం.

మధ్య ఆకుల దగ్గర తెరిచి, లోపలి నుంచి 2లో పైకి తీయండి, కొస ఐదు సెంటీమీటర్లు లోపలే వదలండి. అంచు చుట్టూ తిప్పి కింది నుంచి మళ్లీ 2లో పైకి. అట్ట మీద నడిచి 3లో కిందికి, అంచు చుట్టి పై నుంచి మళ్లీ 3లో కిందికి. వెనక నడిచి 4లో పైకి, అంచు చుట్టి మళ్లీ 4లో పైకి, పుస్తకం అడుగు చుట్టి ఇంకోసారి 4లో పైకి. ఇక వెనక్కి. అట్ట మీద 3లో కిందికి, వెనక నుంచి 2లో పైకి, అట్ట మీద 1లో కిందికి. అంచు చుట్టి మళ్లీ 1లో కిందికి, పుస్తకం తల చుట్టి ఇంకోసారి 1లో కిందికి. చివరగా వెనక నుంచి 2లోకి వచ్చి లోపలే ఆపి, వదిలిన కొసతో ముడి వేయండి. ముడి ఆకుల మధ్య దాగిపోతుంది. ఎక్కడా ఖాళీ లేకుండా రెండు వైపులా గీత కొనసాగితే కుట్టు సరిగ్గా పడినట్టే.

11. వివరాల పేజీ

చివరి పేజీలో ఎనిమిది పేర్లు అక్షర క్రమంలో, ఊరు, నెల, ఏడాది, కాగితం, ఇంక్, ప్రతి నంబరు. పన్నెండులో మూడోది అయితే 3/12 అని పెన్సిల్‌తో రాయండి. సంతకాలు కూడా అక్కడే చేయండి, బొమ్మల మీద వద్దు. చెక్కినవాళ్లతో పాటు కుట్టినవాళ్ల పేర్లు, బైండింగ్ నేర్పినవాళ్ల పేర్లు కూడా ఉండాలి.

12. ఊళ్లోకి

హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. ఒక ప్రతి అక్కడికి, ఇంకొకటి మీలో ఎవరైనా చదువుకున్న బడికి. లోపల ఒక చీటీ పెట్టండి: "ఇది చేత్తో ముట్టుకుని చూసే పుస్తకం." లేకపోతే బీరువాలో తాళం పడుతుంది.

ప్రదర్శన కోసం పెద్ద హాలు దొరికేదాకా ఆగకండి. 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రంలో అవకాశం వస్తే మంచిదే. రాకపోతే కొత్తవాడలో ఒక ఇంటి అరుగు, కాలేజీ లైబ్రరీ, చెరువు కట్ట మీద చాయ్ దుకాణం. విడి ప్రూఫులు దండేనికి వేలాడదీసి, కింద బల్ల మీద ఒక బ్లాక్, రోలర్, కాగితాలు పెట్టి, వచ్చినవాళ్ల చేత ఒక అచ్చు వేయించండి. తన చేత్తో రుద్ది మూల ఎత్తి చూసినవాళ్లలో ఒకరిద్దరు తప్పకుండా "తర్వాత ఎప్పుడు?" అని అడుగుతారు. వాళ్ల ఫోన్ నంబర్లు అక్కడే రాసుకోండి.

బ్లాకులు పౌడర్ చల్లి, కాగితంలో చుట్టి, పడుకోబెట్టి దాచండి. నిలబెడితే వంగుతాయి. పన్నెండు అని మాట ఇచ్చాం కాబట్టి అదే పుస్తకం మళ్లీ అచ్చు వేయకూడదు, బ్లాక్ మాత్రం నేర్పడానికి పనికొస్తుంది. రెండో పుస్తకానికి చీటీలు మళ్లీ వేసి వరుస మార్చండి, ఎవరికీ పోయినసారి పక్కవాళ్లే రాకుండా చూసుకోండి. ఇద్దరు పాతవాళ్లు పక్కకు జరిగి ఇద్దరు కొత్తవాళ్లకు చోటు ఇవ్వాలి. పక్కకు జరిగిన ఇద్దరూ ఆసారి తెల్ల చేతుల మనుషులుగా కాగితం వేస్తారు.